బిట్రగుంటలో కనబడిన బావగారు

మా బావగారిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఆయన్ను చివరిసారిగా చూసిన మనిషిని నేనే. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎలా కుదురుతాయని అడుగుతారు. అది చెప్పడానికే కూర్చున్నాను.

అల్లూరు పక్కన ఒక ఊరికి నేను కోడలిగా వెళ్లింది యాభైల చివర్లో. సంబంధం మాట్లాడేటప్పుడే మా నాన్నకు చెప్పారట, పెద్ద కొడుకు ఊళ్లో లేడని. ఊళ్లో లేడంటే మద్రాసులోనో నెల్లూరులోనో ఉద్యోగం కాబోలనుకున్నాడు మా నాన్న. ఆయన ఏ ఊళ్లోనూ లేడని నాకు కాపురానికొచ్చిన మూడో రోజున తెలిసింది. అప్పటికే ఆరేళ్లయిందట.

జరిగింది చూస్తే చాలా చిన్న సంగతి. బుచ్చిరెడ్డిపాలెం నుంచి విత్తనపు వడ్లు తెస్తానని ఆయన పొద్దున్నే చద్దన్నం తిని, బండి కట్టించుకుని బయల్దేరాడు. సాయంత్రానికి బండి వచ్చింది, రెండు బస్తాల మొలగొలుకుల వడ్లు వచ్చాయి, మనిషి రాలేదు. "వడ్లు ముందర తోలుకపో, నేనెనకాల వస్తా అన్నాడు" అని బండివాడు చెప్పాడు. అంతే. ఇంట్లో తగువు లేదు, ఊళ్లో పగ లేదు, ఒంట్లో జబ్బు లేదు. కాలవలు వెతికించారు, సత్రాలు వెతికించారు. సన్యాసుల్లో కలిశాడని కొందరు, నాటకాల వాళ్ల వెంట పోయాడని కొందరు, రంగూన్ ఓడెక్కాడని కొందరు తలా ఒక దారిన పంపించారు ఆయన్ని. ఆయన పంపిన వడ్లు మాత్రం ఒక్క గింజ తాలు లేకుండా మొలిచాయట. ఆ సంగతి చెప్పేటప్పుడు మా అత్త గొంతులో గర్వమూ ఏడుపూ రెండూ ఉండేవి.

పోలీసు స్టేషనుకు వెళితే ఫొటో కావాలన్నారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫొటో, పెళ్లిది. నెల్లూరు నుంచి మనిషిని పిలిపించి తీయించింది. అందులో బావగారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద బాసికం, తలకు పాగా, బుగ్గన చుక్క, గడ్డందాకా పూలదండ. వీటన్నిటి మధ్యా మిగిలింది ఒక ముక్కు. హెడ్డు కానిస్టేబుల్ ఆ ఫొటోను అటు తిప్పి ఇటు తిప్పి, "ఇందులో మనిషేడయ్యా?" అన్నాడట. వేరే దారి లేక ఆ ఫొటోనే పట్టుకుని రైలు స్టేషన్లలోనూ సంతల్లోనూ చూపించారు, ఈ పెళ్లికొడుకును ఎక్కడైనా చూశారా అని.

దాంతో మా జిల్లాలో పొడుగు ముక్కు ఉన్నవాళ్లకు కష్టకాలం వచ్చింది. గూడూరులో ఒకాయన్ను పట్టుకున్నారు, సూళ్లూరుపేటలో ఒకాయన్ను. తిరుపతిలో గుండుతో కనబడ్డాడని కబురొస్తే మా ఆయన పరుగెత్తుకెళ్లాడు. తిరుపతిలో గుండు గుర్తు చెప్పి మనిషిని వెతకడం ఎంత తెలివైన పనో అక్కడికి వెళ్లాకగానీ ఆయనకు అర్థం కాలేదు. రెండు రోజులు గుండ్లన్నీ చూసి, పనిలో పనిగా తనూ గుండు చేయించుకుని తిరిగొచ్చాడు.

నేను కాపురానికొచ్చాక కూడా ఒకసారి పులికాట్ వైపు నుంచి కబురు వచ్చింది. సరస్సు ఒడ్డున జాలర్ల పల్లెలో వలలు బాగుచేసే ఒకాయన అచ్చం ఫొటోలోలాగే ఉన్నాడని. మా ఆయన, నేను, మా తోటికోడలు ముగ్గురం వెళ్లాం. తోటికోడల్ని నేను అక్కా అనేదాన్ని. పడవలో అక్క కొంగు సర్దుకుంది, బొట్టు దిద్దుకుంది, మళ్లీ కొంగు సర్దుకుంది. ఆ ఇంటి ముందు దిగి ఫొటో చూపించగానే లోపల్నుంచి ఆయన భార్య తెడ్డు పట్టుకుని వచ్చింది. "నా మొగుడు నీ మొగుడెట్టా అయినాడే? నలుగురు బిడ్లు ఉండారు మాకు!" అని మీదికొచ్చింది. అక్క ఆ మనిషి వంక ఒక్క చూపు చూసి, "ముక్కు సరిగ్గానే ఉండాది. మనిషే కాదు" అంది. ఆ మాటకు ముందు ఆ జాలరి నవ్వాడు, తర్వాత ఆయన భార్య నవ్వింది. తెడ్డు గోడకానించి, మాకు మట్టగిడస చేపల పులుసుతో అన్నం పెట్టి పంపించింది ఆ తల్లి. తిరుగు ప్రయాణంలో అక్క నాకంటే హుషారుగా ఉంది. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

అక్క గురించి చెప్పాలి. మనిషి సన్నగా ఉండేది, నోరు పెద్దది. నుదుటి మీద రూపాయి కాసంత కుంకుమ, చేతినిండా గాజులు, తలలో ఎప్పుడూ పూలు. ఊళ్లో ఎవరింట్లో పెళ్లి పనులు మొదలైనా మొదట కబురు ఆమెకే. పసుపు దంచేందుకు ఐదుగురు ముత్తైదువలు రోటి చుట్టూ నిలబడితే, తొలి రోకటి పోటు అక్కది. ఆమె వేస్తే ఆ పెళ్లి నిలుస్తుందని ఊళ్లో ఒక నమ్మకం. సొంత మొగుడే నిలవని మనిషికి ఆ పేరెలా వచ్చిందో నాకెప్పుడూ అంతుపట్టలేదు. నేనో రోజు నోరు జారి ఆ మాటే అడిగితే, "నా చేతికి, ఆయన కాళ్లకి ఏం సంబంధమే?" అంది. ఆ పిలుపులే ఆమె బతుకు. పిల్లలు లేరు, మొగుడు లేడు, పుట్టింట్లో మిగిలినవాళ్లు లేరు. పెళ్లి పందిట్లో నిలబడితే మాత్రం ఆమెను మించిన మనిషి లేదు.

ఇంతలో పన్నెండో ఏడు వచ్చింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇల్లు విడిచిన మనిషి జాడ పన్నెండేళ్లు తెలియకపోతే, పోయినట్టే లెక్కగట్టి, దర్భలతో మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేస్తారు. కర్మలు జరిపిస్తారు. ఆ భార్యకు బొట్టూ గాజులూ పూలూ తీసేస్తారు. అక్కకు అప్పటికి ముప్పై నాలుగో ముప్పై ఐదో.

మా అత్త చెడ్డ మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డదయితే నేను హాయిగా పోట్లాడి ఉందును. "వాడు ఏ చెట్టుకిందో పోయుంటే, వాడికి నీళ్లొదిలినవాళ్లు లేరు. ముద్ద పెట్టినవాళ్లు లేరు. కాకి ముట్టేదానికి కూడా మెతుకు లేదు. ఆకలితో తిరగతా ఉంటాడు నా బిడ్డ" అని ఆమె ఏడ్చేది. పితృదేవతలకు పెట్టిన ముద్ద కాకి తింటే పోయినవాళ్లకు కడుపు నిండినట్టు. పన్నెండేళ్లుగా కొడుక్కి ఆ ముద్ద లేదని ఆమె కడుపులో మంట. మా మామగారు ఎప్పుడో పోయారు కాబట్టి, కోడలికి ఏం జరగబోతుందో ఆమెకు తెలియక కాదు. "నా బొట్టు పోయినప్పుడు నేను బతకలా?" అనేది.

అక్క అత్తతో ఒక్క మాటా అనలేదు. పెరట్లో నాతో మాత్రం అంది: "మనిషి ఎట్టాగూ పొయినాడు. నన్నెందుకు మే పొమ్మంటారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయనతో చెబితే తల గోక్కున్నాడు. తమ్ముడిగా ఆయనే బొమ్మకు నిప్పు పెట్టాలి. అమ్మను కాదనలేడు, వదిన మొహం చూడలేడు. పదిహేను రోజులు పొలం నుంచి ఇంటికి రాకుండా అక్కడే ఏదో పని పెట్టుకున్నాడు.

పురోహితులు గారు వచ్చి పంచాంగం తిప్పుతూ, మాటవరసకు ఒక మాట అన్నారు. "చివరి కబురు విన్ననాటి నుంచి పన్నెండేళ్లు నిండాలమ్మా. మీవాడి విషయంలో బండివాడు తెచ్చిందే చివరి కబురు. తర్వాతవన్నీ పొరపాటు మనుషులే కదా." ఆయన పంచాంగం మూసి, మజ్జిగ తాగి, సామాన్ల పట్టీ మళ్లీ వచ్చినప్పుడు ఇస్తానని వెళ్లిపోయారు. నేను గడప దగ్గర కందిపప్పు చెరుగుతూ ఆ మాట పట్టుకున్నాను. చివరి కబురు.

మా మేనమామ బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాడు. మా ఊరికి ఏడెనిమిది మైళ్లు. నెలకోసారి వెళ్లి ఆయన్నీ అత్తమ్మనూ చూసి సాయంత్రానికి వచ్చేసేదాన్ని. ఆ నెల కూడా వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని అబద్ధం తయారు చేసుకున్నాను. చొక్కా రంగు, గడ్డం, ఎక్కిన బండి, అన్నీ. ఎలా గుర్తుపట్టావని అడుగుతారు కదా, దానికీ జవాబు పెట్టుకున్నాను, ముక్కును బట్టి అని.

ఇంటికి వచ్చేసరికి నడవలో పురోహితులు గారు పట్టీ చెబుతున్నారు, మా ఆయన రాసుకుంటున్నాడు, అత్త గోడకానుకుని వింటోంది. అక్క వసారాలో గోంగూర వలుస్తోంది. నేను చెప్పులు కూడా విప్పకుండా, "బావగారిని చూసినాను, బిట్రగుంట స్టేషన్లో" అన్నాను.

మా ఆయన చేతిలో పెన్సిలు కిందపడింది.

"యాడ? ఎప్పుడు?"

"మధ్యాన్నం. ప్లాట్‌ఫారం మీద."

"ఏం చొక్కా?"

"నీలం గళ్ల చొక్కా. మాసిన గడ్డం."

"పిలవలేదా నువ్వు?"

"పిలిచేలోగా మద్రాసు బండి కదిలింది. ఎక్కేసినాడు."

మా ఆయన కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు. ఆ మనిషిని అలా మోసం చేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

అత్త మెల్లగా దగ్గరికి వచ్చింది. "బక్కచిక్కినాడా?"

"కొంచెం."

"ఏం చేస్తా ఉండాడు?"

ఈ ప్రశ్నకు జవాబు నేను తెచ్చుకోలేదు. స్టేషన్లో మనిషి ఏం చేస్తాడు? నోటికొచ్చింది అనేశాను. "ఇడ్లీ తింటా ఉండాడత్తా."

"ఎన్ని?"

"నాలుగు." అత్త ఇంకా చూస్తూనే ఉంది. "రెండోసారి చట్నీ వేయించుకున్నాడు" అన్నాను.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. పన్నెండేళ్లలో ఆమె అలా ఏడవడం ఎవరూ చూడలేదట. కాసేపటికి మొహం తుడుచుకుని, "తింటా ఉండాడంట" అంది పురోహితులు గారితో. "తినే మనిషికి పిండాలేందయ్యా?"

ఆయన పట్టీ మడిచి సంచిలో పెట్టుకున్నారు. "కబురొచ్చాక లెక్క మళ్లీ మొదటినుంచేనమ్మా" అన్నారు.

ముక్కు జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఎలా గుర్తుపట్టావని ఒక్కరూ అడగలేదు. ఆయన పోయిన ఆరేళ్లకు నేను ఆ ఇంట్లో అడుగుపెట్టానని, ఆయన్ను పుట్టి బుద్ధెరిగి చూడలేదని ఆ నడవలో ఒక్కరికీ తట్టలేదు. ఆయనకు వంకాయ పడదని నాకు తెలుసు, ఆవులిస్తే ఇల్లెగిరిపోయేదని తెలుసు, ఎడమ కాలి చెప్పే ముందు అరిగేదని తెలుసు. అవన్నీ వాళ్లే నాకు చెప్పీ చెప్పీ, వాళ్ల దృష్టిలో నేను కూడా ఆయన్ను ఎరిగిన మనిషినే అయిపోయాను.

పెద్ద ఘనకార్యం చేశానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. తెల్లారి చూస్తే అక్క తలలో పూలు లేవు.

కోసిన మల్లెలు బుట్టలోనే ఉన్నాయి. పెరట్లో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను పక్కన కూర్చున్నాను. చేటలోంచి తలెత్తకుండానే, "ఏడు మైళ్లు మే" అంది.

"ఏంది?"

"బిట్రగుంట. నడిచినా రావచ్చు. కూర్చోని నాలుగిడ్లీలు తిని, చట్నీ వేయించుకోని, మద్రాసు బండెక్కినాడు. చచ్చిపొయినాడనుకున్నప్పుడు నామీద కోపం లేదనుకునేదాన్ని."

బస్సులో అన్నీ ఆలోచించాను గాని ఈ ఒక్కటి ఆలోచించలేదు. ఆమె బొట్టు నిలబెట్టబోయి, ఆమె మొగుడు బతికుండి కూడా ఆమె ముఖం చూడటానికి ఇష్టపడలేదని ఇంటిల్లిపాదికీ చాటి చెప్పాను. నా తెలివికి నిప్పెట్ట.

"అక్కా" అన్నాను. "నేను బావగారిని ఎప్పుడు చూసినాను?"

"నిన్ననే గదా, బిట్రగుంటలో."

"దానికి ముందర?"

ఆమె బియ్యం ఏరడం ఆపింది. నా మొహంలోకి చూసింది. లెక్కలు వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. "అవునే," అంది, "నువ్వు ఆయన్ని చూడనేలేదు గదా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక నవ్వడం మొదలెట్టింది. చేట పక్కకు ఒరిగి బియ్యమంతా మట్టిపాలైంది. "ఇడ్లీలు నాలుగంట! రెండోసారి చట్నీ అంట!" అని నవ్వీ నవ్వీ, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకేడ్చానో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

"అత్తకి నిజం చెప్పేస్తాను" అన్నాను. చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

అక్క వసారా వైపు చూసింది. అక్కడ అత్త పక్కింటి ఆమెతో చెబుతోంది. అప్పటికి ఇడ్లీలు ఆరయ్యాయి.

"చెప్పబాక" అంది అక్క. "ఆమెకి ఇన్నాళ్లకి కడుపు నిండింది." లేచి, బుట్టలో మల్లెలు తీసి జడలో తురుముకుంది. లోపలికి పోతూ పోతూ తిరిగి, "ఆ గళ్ల చొక్కా ఏందే? ఆయన తెల్ల చొక్కా తప్ప తొడిగే మనిషి కాదు. ఇంకోసారి కనబడితే తెల్లది తొడిగించు" అంది.

ఆ మాఘంలో ఊళ్లో జరిగిన పెళ్లిళ్లన్నిటికీ తొలి రోకటి పోటు మా అక్కదే.

అప్పట్నుంచీ నేను బిట్రగుంట వెళ్లినప్పుడల్లా అత్త ఒక సత్తు గిన్నెలో పెరుగన్నం కలిపి, నంజుకోవడానికి ఎండు రొయ్యల పొడి పొట్లం కట్టి ఇచ్చేది. "వాడు కనబడితే పెట్టు. స్టేషన్ ఇడ్లీ ఎన్నాళ్లని తింటాడు?" అనేది. తోడుగా అక్క కూడా వచ్చేది. మేనమామ ఇంటికి పోయే ముందు ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుని, ఆ అన్నం మేమిద్దరమే తినేసేవాళ్లం. గిన్నె ఖాళీగా తీసుకెళ్లాలి కదా మరి. తన మొగుడికని కట్టిన అన్నం తింటూ అక్క ఊళ్లో వాళ్లందరినీ అనుకరించి చూపించేది. అంతగా నవ్వించే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఇంటికొచ్చాక అత్త ఒక్కటే అడిగేది, కనబడినాడా అని. "లేదత్తా, హోటలాయన దగ్గర పెట్టొచ్చినాం. వస్తే తింటాడు" అనేదాన్ని. ఆమె తల ఊపేది.

అరవైల చివర్లో అత్త పోయింది. ఆఖరి రోజుల్లో నన్ను పిలిచి మళ్లీ ఇడ్లీల సంగతి చెప్పించుకుంది. ఆమె నమ్మే విన్నదో, నమ్మినట్టు విన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక గిన్నెతో పని లేదనుకున్నాను. మరుసటి నెల బిట్రగుంట బయల్దేరుతుంటే అక్క చేతిలో అదే గిన్నె ఉంది, పెరుగన్నం కలిపి. ఎవరికని నేను అడగలేదు. ఆ స్టేషన్లో ఆయన్ను చూడటం అబద్ధమని తెలిసినవాళ్లం ఈ లోకంలో ఇద్దరమే, అందులో ఆమె ఒకరు.

ఎప్పటిలాగే బెంచీ మీద కూర్చుని తిన్నాం, ఎప్పటిలాగే నవ్వించింది. గిన్నెలో ఒక్క ముద్ద మిగలగానే ఆపేసింది. మూత పెట్టకుండా గిన్నె పక్కన పెట్టుకుంది. ఎక్కడి నుంచో ఒక కాకి వచ్చి బెంచీ చివర వాలింది. గిన్నె వైపు రెండు గంతులు వేసింది. అక్క దిగ్గున లేచి కొంగుతో అదిలించింది. "పో, ఇది నీది కాదు" అంది. గొంతులో నవ్వు లేదు. కాకి మళ్లీ వచ్చింది, మళ్లీ తోలింది.

మద్రాసు బండి వచ్చింది, ఆగింది, కదిలింది. చివరి పెట్టె దాటిపోయేదాకా ఆమె గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంది. తర్వాత ఆ ముద్ద తనే తినేసి, కొళాయి దగ్గర గిన్నె కడుక్కొచ్చి, "పద మే, మీ మామ ఎదురుచూస్తా ఉంటాడు" అంది.